మొదటి మాటకే సరే

పని మొదలయ్యేనాటికి అద్దాలాయన చేతిలో ఉన్నవి ఇవి: బజారు మలుపులో ఒక అద్దాల కొట్టు, వజ్రపు మొన ఉన్న కోత కలం, తను గూఢచారి అని తెలిసినా తెలియనట్టు ఉండే భార్య, తెలిసి మరీ వేళాకోళం చేసే బావమరిది, ఊరంతా ఒప్పుకున్న బేరగాడన్న పేరు. వీటిలో కొట్టు ప్రభుత్వానిది. కలం డిపార్ట్‌మెంటుది. భార్య, బావమరిది పెళ్లితో వచ్చినవాళ్లు. సొంతంగా సంపాదించుకున్నది ఆ పేరొక్కటే. దాన్ని కంటికి రెప్పలా కాపాడుకునేవాడు.

డిపార్ట్‌మెంటు పెట్టించిన ముసుగు వ్యాపారాలన్నీ నష్టాల్లోనే నడిచేవి. పూల కొట్టు ఏజెంటు పూలకి నీళ్లు పోయడం మర్చిపోయాడు. టైలరు ఏజెంటు కుట్టిన చొక్కాలో ఎవరూ దూరలేకపోయారు. అద్దాల కొట్టు మాత్రం లాభం తెచ్చింది. అద్దాలాయన దాన్ని తన తెలివి ఖాతాలో వేసుకున్నాడు. తను గూఢచారి వేషం వేసుకున్న వ్యాపారినా, వ్యాపారి వేషం వేసుకున్న గూఢచారినా అని ఆలోచించడం ఎప్పుడో మానేశాడు.

ఒక ఉదయం పెద్దాయన కొట్టుకి వచ్చాడు. డిపార్ట్‌మెంటుకి ఆయనే అధిపతి. చంకలో పగిలిన ఫొటో ఫ్రేము పెట్టుకుని, మామూలు గిరాకీలా వెనక గదిలోకి నడిచాడు.

"టవర్ సంగతి తెలుసుగా?"

"విన్నాను సార్."

"విన్నది వదిలేయ్. ఇప్పుడు చెప్పేది విను. టవర్ మీద నుంచి బ్యాంకు, ఆస్పత్రి, కరెంటు ఆఫీసు, తీర గస్తీ, హార్బర్. అన్నింటికీ వైరు లేకుండా గాలిలోంచే కాంతి పంపుతున్నాం. దీపం వెలుగు కాదు. ఒక్కొక్క కణం. ఫోటాన్. దారిలో దాన్ని ఎవడు ముట్టుకున్నా అది చెడిపోతుంది. ఎర్రర్ పెరుగుతుంది, అలారం మోగుతుంది. క్షేమంగా చేరిన కణాలతో రెండు వైపులా ఒకే తాళంచెవి తయారవుతుంది. దాంతో బిగించిన మాటని ఇంకెవడూ విప్పలేడు. క్వాంటం నెట్‌వర్క్ అంటారు."

"మరి నాతో పనేంటి?"

"ఎండతో వచ్చింది చిక్కు. పట్టపగలు ఆ కణాలు ఎండలో కొట్టుకుపోతున్నాయి. ప్రతి రిసీవర్ ముందూ ఒక ఫిల్టర్ అద్దం ఉండాలి. మన రంగు కాంతిని మాత్రమే లోపలికి వదలాలి, మిగతాదంతా ఆపాలి. ఆ అద్దాలు చేసేది ఒక విదేశీ కంపెనీ. ఇక్కడి దాని ఆఫీసు వెనక ఉన్నది మనం వెతుకుతున్న ముఠా."

"వాళ్ల దగ్గరే కొనాలా?"

"కొంటేనే వాళ్లు ఏం చేయబోతున్నారో తెలుస్తుంది. అమ్మడానికి వచ్చేది ముత్యాలావిడ. వాళ్ల మనిషిలా ఉంటుంది, మన మనిషి. ఆమె పక్కన ఎప్పుడూ వాళ్ల కాపలా ఉంటుంది. మన కోడ్ మాటలు, సైగలు అన్నీ వాళ్లకి తెలిసిపోయాయి. కాబట్టి ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆవిడ తన అలవాటు తప్పి ఏం చేసినా అది హెచ్చరిక."

"అలవాట్లు చెప్పండి."

"ముత్యాల దండ తీయదు. ఎడమ చేతి గ్లవ్ తీయదు. కాఫీలో పంచదార వేసుకోదు. బేరం దగ్గర మాత్రం రాక్షసి. నిన్ను కూడా ఏడిపిస్తుంది."

"నన్నా సార్?" అని నవ్వాడు అద్దాలాయన. మొదటి మూడు అలవాట్లూ బుర్రలో రాసుకున్నాడు. నాలుగోది తన మీద వేసిన పందెంలా వినపడింది.

పెద్దాయన లేస్తూ ఒక విజిటింగ్ కార్డుల కట్ట ఇచ్చాడు. కొట్టు పేరు, ఫోన్ నంబరు అచ్చువేసి ఉన్నాయి. "మామూలు కార్డులే. కంటికి కనపడని కాంతి పడితే మాత్రం పచ్చగా వెలుగుతాయి. దగ్గర ఉంచుకో."

టవర్‌కి కొంచెం దిగువగా ఉన్న పెద్ద హోటల్, పై అంతస్తులో సూట్. ముత్యాలావిడ ముదురు నీలం కోటులో కిటికీ పక్కన కూర్చుని ఉంది. అకౌంటెంటు అని పరిచయం చేసిన మనిషి మెడ చూస్తే, లెక్కల కంటే బస్తాలు మోసినట్టు ఉంది. అద్దాలాయన గూఢచారి కళ్లతో వెతికాడు. దండ మెడలోనే ఉంది. గ్లవ్ చేతికే ఉంది. కాఫీలో పంచదార వేసుకోలేదు. అంతా సవ్యంగా ఉంది. ఇక వ్యాపారి నోరు తెరిచాడు.

"మీరు చెప్పిన ధరలో సగం ఇస్తాను."

"సరే" అంది ఆమె.

సరిగా వినలేదేమో అనుకున్నాడు. "సగం అన్నానండి."

"విన్నాను. సరే."

"రవాణా మీదే."

"సరే."

"ఫ్రేములు కూడా మీరే ఇవ్వాలి."

"ఇస్తాం. ఇంకేమైనా అడుగుతారా?" అని ఆమె అతని కళ్లలోకి చాలాసేపు చూసింది. "నిజంగా ఇంకేమీ అడగాలనిపించడం లేదా మీకు?"

ఆ చూపుకి అద్దాలాయన తనకి నచ్చిన అర్థం చెప్పుకున్నాడు. క్రాపు సర్దుకున్నాడు. "ఈసారికి చాలు లెండి" అన్నాడు, ఆమెకేదో మేలు చేస్తున్నవాడిలా. అకౌంటెంటు మొదటిసారి నవ్వాడు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పకుండా ఉండలేకపోయాడు.

"ఒక్క మాటకే ఒప్పుకుందా? ఎందుకని?" అంది ఆమె గిన్నెలు తుడుస్తూ.

"ఎదురుగా ఉన్నది ఎవరో చూసింది కాబట్టి."

"మిమ్మల్ని చూసి నేనే ఒప్పుకోలేదు. మా నాన్న ఒప్పుకున్నాడు."

"నీకు వ్యాపారం తెలియదు."

"తెలియదు. మా తమ్ముడు ఉంటే బాగుండేది. వాడైతే ఓ రెండు రోజులు నవ్వించేవాడు దీని మీద." ఆ తమ్ముడూ డిపార్ట్‌మెంటు మనిషే, అప్పటికి ఊళ్లో లేడు. టూరు మీద ఉన్నాడని చెప్పారు. డిపార్ట్‌మెంటులో టూరు అన్న మాటకి అర్థం ఆ ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే ఎవరూ అడగరు.

అద్దాలు వచ్చాయి. నమూనా తీసుకుని టవర్‌లో పరీక్ష చేశారు. రావలసిన రంగు బాగానే వస్తోందన్నారు. అద్దాలాయన ఒక్కో చోటికీ వెళ్లి తన చేత్తోనే బిగించాడు. బ్యాంకు, ఆస్పత్రి, కరెంటు ఆఫీసు, తీర గస్తీ. ప్రతి చోటా బేరం కథ చెప్పుకున్నాడు. హార్బర్‌లో నిచ్చెన మీద నిలబడి, అదే కథ కింద ఉన్న సిగ్నల్ గుమాస్తాకి చెబుతూ చేయి ఊపాడు. అద్దం రెయిలింగుకి తగిలి ముక్కలైంది.

గుమాస్తా అప్పుడు ఫోన్ ఎత్తడానికి లోపలికి వెళ్లాడు. అద్దాలాయన చుట్టూ చూశాడు. అద్దాల మీద బతికేవాడి చేతిలో అద్దం పగిలిందని తెలిస్తే ఇంకేమైనా ఉందా? ట్రయల్స్ నాటి పాత ఫిల్టర్ ఒకటి అక్కడి మూల పెట్టెలో పడి ఉంది. గీతలు పడింది, మసకగా ఉంది. గుడ్డతో తుడిచి దాన్నే బిగించేశాడు. పగిలిన ముక్కల్ని సంచిలో వేసుకుని, గుమాస్తా ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాడు. ఎవరికీ చెప్పలేదు.

నెట్‌వర్క్‌తో అసలు పని పడే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం టవర్ గదిలో తెరల ముందు డాక్టరమ్మ కూర్చుని ఉంది. నెట్‌వర్క్ కట్టిన సైంటిస్టు ఆమే. వెనక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"మీ అద్దాలు అద్భుతం" అంది డాక్టరమ్మ. "ఎర్రర్ ఇంత తక్కువ నేనెప్పుడూ చూడలేదు. ఒక్క హార్బరే ఎప్పట్లాగే మొరాయిస్తోంది. అద్దం ఒకటే కదా, అదెందుకో అర్థం కాలేదు."

"సముద్రపు గాలి కదమ్మా" అన్నాడు అద్దాలాయన.

పెద్దాయన అతన్ని పక్కకి తీసుకెళ్లాడు. "ఇప్పుడు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. సముద్రంలో ఒక పడవ ఉంది. అందులో ముఠా ఆనుపానులన్నీ తెలిసిన మనిషి ఉన్నాడు, మనవైపు వచ్చేస్తున్నాడు. అతన్ని తెస్తున్నది నీ బావమరిది. పడవలో రేడియో లేదు. ఎక్కడ ఒడ్డుకి చేరాలో నాలుగు గంటల లోపు మనం ఈ నెట్‌వర్క్ మీద అందరికీ పంపుతాం. హార్బర్ వాళ్లు సిగ్నల్ దీపంతో పడవకి చెబుతారు. నాలుగు దాటితే పడవ తిరిగి వెళ్లిపోతుంది. ఈలోగా ఆ చోటు ముఠాకి తెలిస్తే మనకంటే ముందు వాళ్లుంటారు అక్కడ. పడవలో ఎవరూ మిగలరు."

అయినా అద్దాలాయనకి భయం వేయలేదు. తన అద్దాలున్నాయిగా.

నాలుగుకి ఇంకా టైముంది. బ్యాంకు మేనేజరు కృతజ్ఞతలు చెప్పాలని కబురు పెట్టాడు. పొగడ్త వస్తుంటే అద్దాలాయన ఇంట్లో కూర్చునే రకం కాదు. బ్యాంకు పై అంతస్తులో, రిసీవర్ గదిలో, మేనేజరు చేయి కలిపాడు.

"మా ఇంటి కిటికీలు కూడా మీరే చేయాలండి. కార్డు ఇవ్వండి."

అద్దాలాయన కార్డు తీసి, రిసీవర్ మీదుగా చేయి చాచాడు.

"అబ్బో, కార్డు భలే చేయించారే" అన్నాడు మేనేజరు. "పచ్చగా వెలుగుతోంది."

అద్దాలాయన కార్డు వెనక్కి తీశాడు. వెలుగు ఆరింది. మళ్లీ ఫిల్టర్ వెనక పెట్టాడు. వెలిగింది. తన అద్దం లోంచి, తను బిగించిన ఫ్రేములోంచి, కంటికి కనపడని కాంతి ఒకటి బలంగా లోపలికి వచ్చి పడుతోంది. ఆపవలసిన అద్దం దానికి తలుపు తీసి పెట్టింది. అది వస్తున్న వైపు చూశాడు. టవర్ దిక్కే. కానీ టవర్ కాదు, దానికి కొంచెం దిగువగా ఉన్న హోటల్ పై అంతస్తు.

అద్దాల వాడికి ఫిజిక్సు రాకపోయినా అది అర్థమవుతుంది. మనిషి కళ్లలోకి టార్చి కొడితే ఎదురుగా ఏముందో వాడికి కనపడదు, మనం ఏం చెబితే అదే చూశానంటాడు. రిసీవర్లకి కళ్లు పోయాయి. ముఠా చెప్పిందే చదువుతున్నాయి. తాళంచెవులు ముఠా చేతిలో తయారవుతున్నాయి. ఎర్రర్ తక్కువ ఉండక ఏమవుతుంది?

అప్పుడు గుర్తొచ్చింది ఆ మాట. సరే. రవాణా, సరే. ఫ్రేములు, ఇస్తాం. ఇంకేమైనా అడుగుతారా?

చెవులు కాలిపోయాయి. ఆమె తన ప్రాణం పణంగా పెట్టి, పక్కనే కాపలా ఉండగా, ఆ గదిలో మూడుసార్లు అరిచినంత పని చేసింది. తను క్రాపు సర్దుకున్నాడు.

"ఏమైందండీ, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు మేనేజరు.

"ఏం లేదు. ఉక్కగా ఉంది."

వీధిలోకి వచ్చి, ఒక మూసిన కొట్టు మెట్ల మీద కూలబడ్డాడు. బతుకంతా చేసిన పనే చేశాడు. లాభనష్టాలు వేసుకున్నాడు. అద్దాలన్నీ పగలగొట్టి ఎవరో రాళ్లేశారని చెప్పొచ్చు. ఎండ ఎక్కువగా ఉంది, మెసేజ్ రేపు పంపమని చెప్పొచ్చు. ముఠా హోటల్లో ఉందని ఎక్కడో విన్నట్టు చెప్పొచ్చు. ఎటు వేసినా తన పేరు మిగులుతోంది. ఎటు వేసినా పడవ సముద్రంలోనే ఉండిపోతోంది. అందులో ఉన్నవాడు తన పెళ్లిలో చెప్పులు దాచి, వాటికోసం బేరం ఆడిన బావని చూసి పొట్ట పట్టుకుని నవ్వినవాడు.

లేచి పరిగెత్తాడు. అలా పరిగెత్తడం అద్దాల పని మొదలుపెట్టాక అదే మొదటిసారి.

టవర్ గదిలోకి వెళ్లేసరికి డాక్టరమ్మ మెసేజ్ సిద్ధం చేస్తోంది.

"పంపకండి" అన్నాడు. కార్డు బల్ల మీద పెట్టాడు. జరిగింది చెప్పాడు. సరే అన్న మాట మాత్రం దాటేయబోయాడు. పెద్దాయన వదల్లేదు.

"సగం అడిగావ్. ఆమె ఏమంది?"

"సరే అంది సార్."

"నువ్వేమనుకున్నావ్?"

"బేరం బాగా కుదిరిందనుకున్నాను."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి, నుదురు పట్టుకుంది. పెద్దాయన అరిచినా బాగుండేది. అరవలేదు.

"లింకులు ఆపేద్దామా?" అంది డాక్టరమ్మ.

"ఆపేస్తే మనకి తెలిసిపోయిందని వాళ్లకి తెలుస్తుంది. ముత్యాలావిడని అక్కడికక్కడే చంపేస్తారు. పడవకి కబురూ వెళ్లదు." పెద్దాయన గడియారం చూశాడు. "వీటి మీద తప్పు చోటు పంపొచ్చు. దక్షిణం వైపు ఇసుక దిబ్బ. ముఠా అక్కడికి వెళుతుంది. మన గస్తీ కూడా అదే నమ్మి అక్కడికే వెళుతుంది, మంచిదే. కానీ అసలు చోటు హార్బర్‌కి చెప్పేదెలా? ఫోన్లు వాళ్లు వింటారు, మనిషిని పంపే టైము లేదు. అక్కడా ఇదే అద్దం కదా."

అద్దాలాయన నేల చూపులు చూశాడు. ఒక తప్పు చెప్పుకుంటే పని అయిపోతుందనుకున్నాడు. కాలేదు.

"అక్కడ అది లేదు సార్."

"ఏం?"

"పగలగొట్టాను. నిచ్చెన మీద గొప్పలు చెబుతూ. పాతది తుడిచి పెట్టేశాను."

డాక్టరమ్మ గబగబా తెర వైపు తిరిగింది. "అందుకే మొరాయిస్తోంది. నిజాయితీగా మొరాయిస్తోంది. ఆ ఒక్క లింకే శుభ్రంగా ఉంది." వేళ్లు మీటల మీద ఆడాయి. "కానీ పాత అద్దం, ఎదురెండ. తాళంచెవి చాలా నెమ్మదిగా తయారవుతోంది. ఒక్కో అక్షరానికి కొంత ఖర్చయిపోతుంది, ఒకసారి వాడింది మళ్లీ వాడకూడదు. ఉన్నదాంతో నాలుగైదు మాటలు పంపగలను."

"రేవు దారి చెప్పాలంటే ఒక పేజీ కావాలి" అన్నాడు పెద్దాయన. "ఏ పాయలోంచి రావాలి, ఏ దీపం పక్కన తిరగాలి. దారి చెప్పకపోయినా వాడికి తెలిసిన చోటు ఒకటుండాలి. ఇంకెవరికీ తెలియకూడదు. ఆలోచించు. నీ బావమరిదేగా."

అద్దాలాయనకి ఆ చోటు వెంటనే తట్టింది. తట్టనట్టు ఉందామని ఒక్క క్షణం అనిపించింది కూడా.

"ఉంది సార్. రాయండమ్మా. బావ నీళ్లలో పడిన చోటు."

"ఎవరి బావ?" అంది డాక్టరమ్మ.

"నేనే."

"ఎలా పడ్డారు?"

"అది అవసరమా అమ్మా?"

"చెప్పు" అన్నాడు పెద్దాయన. "ఆ చోటుకి మన మనుషుల్ని నేను పంపాలి."

"వంతెన వెనక పాత రేవు. పెళ్లయిన కొత్తలో. పడవ వాడితో బేరం ఆడుతున్నాను. ఒక కాలు ఒడ్డు మీద, ఒక కాలు పడవలో పెట్టి. వాడు విసిగిపోయి పడవ తోసేశాడు. అత్తారి వాళ్లందరూ చూశారు."

డాక్టరమ్మ పెదవి కొరుక్కుంటూ టైపు చేసింది. మిగతా లింకుల మీద ఇసుక దిబ్బకి దారి పేజీ నిండా వెళ్లింది. హార్బర్‌కి ఆ ఒక్క ముక్క వెళ్లింది. గస్తీకీ హోటల్‌కీ తెలియకుండా పెద్దాయన ఇద్దరు మనుషుల్ని వంతెన వైపు పంపాడు.

హార్బర్ నుంచి జవాబు రావడానికి ఆలస్యమైంది. నాలుగుకి నిమిషం కూడా లేదు. తెర మీద ఒక్కో అక్షరం వచ్చింది.

"పడవ అడుగుతోంది. ఏ కాలు ముందు జారింది?"

"వాడికి నమ్మకం కుదరలేదు" అన్నాడు పెద్దాయన. "ఎవరైనా మోసం చేస్తున్నారేమో అని పరీక్షిస్తున్నాడు. మంచి ఏజెంటు."

ఆ మాట అద్దాలాయనకి సూటిగా తగిలింది.

"మిగిలిన తాళంచెవి ఒక్క మాటకే సరిపోతుంది" అంది డాక్టరమ్మ. "తప్పయితే ఇంకో అవకాశం లేదు. ఏ కాలు?"

ఆ కథని ఏళ్ల తరబడి ఇంట్లో తనెలా చెప్పుకున్నాడో గుర్తొచ్చింది. కుడి కాలు కొంచెం జారింది, అంతే, ప్యాంటు అంచు తడిసింది, అని చెప్పుకునేవాడు. బావమరిది మాత్రం ప్రతిసారీ లేచి నిలబడి అసలు సంగతి చేసి చూపించేవాడు.

"రెండూ" అన్నాడు అద్దాలాయన.

ఆమె మీట నొక్కింది. గోడ గడియారం నాలుగు కొట్టడం మొదలుపెట్టింది. ఆఖరి గంటతో పాటే తెర మీద హార్బర్ మాట వెలిగింది: "తిరిగింది. ఒడ్డుకి వస్తోంది."

సాయంత్రానికి లెక్కలు తేలాయి. ఇసుక దిబ్బ దగ్గర మాటు వేసిన ముఠా లాంచీ, మెసేజ్ నమ్మి అక్కడికే వెళ్లిన గస్తీకి ఎదురుపడింది. హోటల్ పై అంతస్తు తలుపులు బద్దలు కొట్టారు. కిటికీ పరదా వెనక వరసగా లేజర్లు ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో భవనం మీదకి గురిపెట్టి. అకౌంటెంటు మంచం కింద దొరికాడు.

ముత్యాలావిడని కూడా వాళ్లతో పాటే బేడీలు వేసి మెట్ల మీదుగా దింపారు. ముఠాకి ఆమె మీద అనుమానం రాకూడదంటే ఆమె కూడా జైలుకి వెళ్లాలి. ఎన్నాళ్లో పెద్దాయనకి కూడా తెలియదు. మెట్ల మలుపు దగ్గర, అద్దాల లెక్క చూడడానికి వచ్చిన కొట్టువాడిలా అద్దాలాయన నిలబడ్డాడు. కానిస్టేబులు రెండడుగులు ముందుకెళ్లి, చుట్టూ చూస్తున్నట్టు నిలుచున్నాడు.

"మీరు మంచి బేరగాడని చెప్పారు" అంది ఆమె మెల్లగా. "అందుకే ఆ దారి ఎంచుకున్నాను. మొదటి సరేకే లేచి వెళ్లిపోతారనుకున్నాను."

"నా గొప్పే అనుకున్నానమ్మా."

"ఫ్రేములు కూడా ఒప్పుకున్నానే."

"అవునమ్మా."

"ఫ్రేములు ఎవరైనా ఇస్తారండీ?" అంది. కోపం లేదు గొంతులో. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. ఆమె దిగి వెళ్లిపోయింది. మెడలో ముత్యాలు లేవు, పోలీసులు తీసి కవరులో వేశారు.

ఇంట్లో బావమరిది తడి బట్టలతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అక్క తువ్వాలు తెస్తోంది.

"రా బావా. రెండూ అని రాసి పంపావట. హార్బర్ వాళ్లు దీపం వెలిగిస్తూ నవ్వారట, సిగ్నల్ అటూ ఇటూ ఊగింది."

"తడిశావేంటి?"

"అదే రేవు. పాచి ఉంది. నేనూ పడ్డాను." భార్య నవ్వింది. అద్దాలాయన నవ్వబోయి, తువ్వాలు అందుకుని బావమరిది తల తుడవడం మొదలుపెట్టాడు.

చివరికి మిగిలిన లెక్క ఇది. పోయినవి: మూసేసిన కొట్టు, వెనక్కి తీసుకున్న కోత కలం, బేరగాడన్న పేరు. అది పోయిన సంగతి ఊళ్లో తెలియదు, అతనికి తెలుసు. తీర్చలేనిది: జైల్లో కూర్చున్న ఒక మనిషి. వచ్చినవి: కుర్చీలో తడిగా కూర్చున్న బావమరిది, శుభ్రంగా మళ్లీ మొదలైన నెట్‌వర్క్. ఈసారి అద్దాలు డాక్టరమ్మే దగ్గరుండి పరీక్షించింది, హార్బర్‌లో ఆ గీతల అద్దం మాత్రం తీయొద్దంది. ఇంకొకటి కూడా వచ్చింది, దానికి పేరు తెలియదు.

అది ఒకరోజు మార్కెట్‌లో బయటపడింది. కూరగాయలామె టమాటాల ధర చెప్పింది. అద్దాలాయన నోరెత్తకుండా సంచి చాచాడు.

"సరే" అన్నాడు.

ఆమె చేతిలో తక్కెడ ఆగిపోయింది. అతన్ని ఎగాదిగా చూసింది, ఇచ్చిన నోటుని ఎండకి పట్టి చూసింది. తర్వాత టమాటాలు వెనక్కి తీసుకుని, వాటిలో ఏముందా అని ఒక్కొక్కటీ తిప్పి చూడడం మొదలుపెట్టింది.